గుర్తు పెట్టిన పొత్తిగుడ్డలు

పుష్పవల్లికి భయం పుట్టుకతో వచ్చింది కాదు, ఒక గుడ్డతో వచ్చింది. అప్పటికి ఆమెకు ఐదేళ్ళుంటాయేమో. పట్నానికి ఉత్తరాన ఉన్న వాళ్ళ ఊరు మనలి అంటే ఇప్పుడు మీరు చూసే ఫ్యాక్టరీ గొట్టాలూ పొగా అనుకోకండి. ఆ రోజుల్లో అవన్నీ వరిమళ్ళు. వాళ్ళ నాన్నకు అక్కడ కొంచెం సేద్యం ఉండేది. ఆ ఏడు ఎండల్లో ఆమె తమ్ముడికి అమ్మవారు పోసింది. పిల్లవాడు దక్కలేదు. పోయినవాడి కోసం ఏడ్చి ఏడ్చి అలిసిపోయాక పెద్దవాళ్ళు కారణం వెతకడం మొదలుపెట్టారు. ఎవరో చుట్టం తన కండువాలో పిల్లవాణ్ణి చుట్టి ఎత్తుకున్నాడని, ఆ గుడ్డలోనే అమ్మతల్లి ఇంట్లోకి వచ్చిందని తేల్చారు. అందులో నిజమెంతో ఎవరికీ తెలీదు. అరుగు మీద కూర్చున్న పిల్ల చెవిన మాత్రం ఆ మాట పడింది, పడ్డది మళ్ళీ బయటికి రాలేదు.

పెద్దదయ్యాక కూడా ఆమె ఇంకొకరి తువ్వాలుతో చేయి తుడుచుకునేది కాదు. పెళ్ళిచూపులనాడు పక్కింటి నుంచి తెచ్చి పరిచిన జంపఖానా మీద కూర్చోవడానికి వెనకాడి, నేల మీదే కూర్చుందట. అత్తగారు చెంగమ్మ అది చూసి, పిల్లకు శుభ్రం ఎక్కువని ముచ్చటపడి సంబంధం ఖాయం చేసుకుంది. శుభ్రానికీ భయానికీ తేడా పైకి కనబడదు కదా.

మొగుడు ఏకాంబరం జార్జి టౌన్‌లో ఒక కాగితాల వ్యాపారి దగ్గర గుమాస్తా. కాపురం వాషర్‌మెన్‌పేట్‌లో. మనవాళ్ళు దాన్ని చాకలిపేట అనేవాళ్ళు. ఒకే ముంగిలి చుట్టూ ఐదు వాటాలు, ఐదు వాటాలకూ కలిపి ఒకే కొళాయి. ఎదుటి వాటాలో ఆరోగ్యమేరి అనే ఆమె, ఆమె చుట్టూ ఎప్పుడూ అరుస్తూ ఆడుకునే పిల్లలు. పుట్టింట్లో పురుడు పోసుకుని, పాపకు మూడో నెల నడుస్తుండగా పుష్పవల్లి ఈ ముంగిట్లోకి తిరిగొచ్చింది. అది యాభై నాలుగో సంవత్సరం, ఎండలు ముదురుతున్న కాలం. వెనక వీధిలో ఒక గుమ్మానికి, లోపల అమ్మవారు పోసిందని తెలిపే వేపమండలు కట్టి ఉండడం ఆమె రిక్షాలోంచే చూసింది.

పొత్తిగుడ్డలు మడవడం ఆమెకు నేర్పింది చెంగమ్మే. మామగారి పాత పంచెలు, కడిగి కడిగి వెన్నలా మెత్తబడ్డవి, దాచి ఉంచిందా పెద్దావిడ. వాటిని చదరాలుగా చించి, అంచులు మడిచి కుట్టింది. ఒకదాన్ని చాప మీద పరిచి ముక్కోణంగా మడిచింది. పొడుగు అంచు పాప నడుం కిందికి తోసి, కింది కొస కాళ్ళ మధ్య నుంచి పైకి తెచ్చి, కుడికొస దాని మీదికి, ఎడమకొస ఆ పైకి.

"పిన్నీసు గిన్నీసు మన ఇంట్లో లేదు. ముడి ఈడ రావాల, తుంటి మీద. బొడ్డు మీద వస్తే బిడ్డ ముక్కుతాది. గట్టిగా బిగించేవు, ఊపిరాడొద్దా దానికి?" అంది చెంగమ్మ.

పుష్పవల్లి తొందరగానే నేర్చుకుంది. మడిచిన గుడ్డలు పెట్టె మీద దొంతరగా పేర్చి పెడితే ఇంటికి కళ వచ్చినట్టుండేది. పాప గుడ్డ తడిపినప్పుడల్లా దొంతరలోంచి ఒకటి తీయడం, ముడి వేయడం, పాప కాళ్ళాడిస్తూ నవ్వడం. అలా సాగిపోతే చెప్పుకోవడానికి కథే ఉండేది కాదు.

కొళాయిలో నీళ్ళు తెల్లారుజామున కాసేపు వచ్చేవి. ఐదు వాటాల బిందెలు నిండేసరికే ఆగిపోయేవి. రోజూ అన్ని గుడ్డలు ఇంట్లో ఉతకడం కుదిరే పని కాదు. అందుకని జాడించి ఆరేసి, మూట కట్టి చాకలి కన్నియమ్మకు వేసేవాళ్ళు. కన్నియమ్మ తమిళ మనిషి, అమ్మా అనడానికి మాట చివర 'మా' అనేది. ఆ ఇంటికి ఆమె అత్త కాలం నుంచీ వాళ్ళే చాకళ్ళు. మొదటి మూట ఇస్తుండగా పుష్పవల్లికి వెనక వీధి వేపమండలు గుర్తొచ్చాయి.

"కన్నియమ్మా, ఈ గుడ్డలు ఎవురి గుడ్డలతో కలిపి ఉడకేస్తావు?"

"అందరివీ ఒకే బానలోనే మా. బానలో ఎవురిదని చూస్తాం?"

"వెనక వీధోళ్ళవి కూడానా?"

"తల్లి వచ్చిన ఇంట్లో మేము గుడ్డలు ఎత్తం మా. తల్లి పోయినాక ఎత్తుతాం."

ఆ జవాబు పుష్పవల్లికి కొంచెం కూడా ధైర్యం ఇవ్వలేదు. పోయినాక ఎత్తే గుడ్డల్లో ఒకటి తన మూటలో కలిసి వస్తే? అన్నీ పాత పంచె ముక్కలే, అన్నీ తెల్లవే. ఏది ఎవరిదో ఎవరు చెప్తారు? తమ్ముడి కండువా ఆమె కళ్ళ ముందు ఆడింది.

"మా పాప గుడ్డలకి గుర్తు పెట్టు," అంది.

"పసిగుడ్డలకి దారం కడతాం మా. మా అత్త కాలంలో వాటికీ జీడిగుర్తు పెట్టేది. ఇప్పుడు పసిగుడ్డలకి ఎవురూ పెట్టరు."

"ఎందుకు పెట్టరు?"

కన్నియమ్మ మూట ముడి బిగించింది. "సుమ్మా, ఊరికే. పెట్టరు, అంతే," అంది.

"దారం ఊడిపోతాది. గుర్తే పెట్టు. ఒక్కటి కూడా వదలకుండా పెట్టు."

కన్నియమ్మకు అందులో పోయేదేముంది. మరుసటిసారి వచ్చినప్పుడు మెట్టు మీద కూర్చుని, నల్లజీడి గింజను సూదితో పొడిచి, ఆ రసంతో ప్రతి గుడ్డ కొసనా ఆ ఇంటి గుర్తు వేసింది. రెండు చుక్కలు, కింద ఒక గీత. పైన తడి సున్నం అద్దింది. గోధుమరంగు గుర్తు కాసేపటికి నల్లగా మారి గుడ్డలో ఇంకిపోయింది. ఎన్ని ఉతుకులకూ పోని గుర్తు అది. ఏకాంబరం చొక్కా కాలరు వెనకా, చెంగమ్మ చీరల కొంగు మూలా ఏళ్ళ తరబడి అదే గుర్తు ఉంది.

ఆ రోజు నుంచి పుష్పవల్లి మడత మార్చింది. గుర్తున్న కొస ఎప్పుడూ ఎడమ చేతివైపు వచ్చేట్టు మడిచేది. అప్పుడు ముడి వేశాక ఆ నల్ల గుర్తు పాప ఎడమ తుంటి మీదికి, లోపలివైపుకు వస్తుంది. ముడి దగ్గర కొస కొంచెం తిప్పి చూస్తే చాలు, మన గుడ్డే అని తెలిసిపోతుంది. ప్రతిసారీ చూసేది. రెండు చుక్కలు, ఒక గీత కనబడ్డాకే ముడి బిగించేది. పాప పాలు కక్కితే అదే కొసతో మూతి తుడిచేది, చేతికి ముందు అందేది అదే కదా మరి. పిచ్చిపిల్ల, ఆ గుర్తును చూసి ఊపిరి పీల్చుకునేది. ఒకటి రెండు వారాలకు ఆమె వేళ్ళ సందుల్లో దురద మొదలైంది. సబ్బు పడలేదనుకుంది.

ఒక పొద్దున పాప గుడ్డ విప్పితే ఎడమ తుంటి మీద ఎర్రగా కందినట్టుంది. చెమటకాయ అనుకుని విభూతి రాసింది. మధ్యాహ్నానికి పాప ఆగకుండా ఏడవడం మొదలుపెట్టింది. మరునాటికి అక్కడ నీటి పొక్కులు లేచాయి, చుట్టూ వాచింది. గడ్డం కింద కూడా రెండు పొక్కులు కనబడ్డాయి. ముఖాన కనబడేసరికి పుష్పవల్లికి తమ్ముడు గుర్తొచ్చాడు. పాపను ఒళ్ళో పెట్టుకుని గోడకు చేరగిలపడి, "అత్తా" అని పిలిచింది.

చెంగమ్మ వచ్చి వంగి చూసింది. చూసి రెండు చేతులూ జోడించింది.

"తల్లి వచ్చిందే పుష్పా. నోరెత్తి ఏమీ అనమాక. ఎదురు మాట్లాడితే కోపమొస్తాది."

"జొరం లేదు గదా అత్తా. ఒళ్ళు చల్లగానే ఉండాది, చూడండి."

"పసిదాని మీదికి చల్లగానే వస్తాది. నా మొదటి పిల్లకీ ఈడనే మొదలైంది, తుంటి మీదనే. జొరం తర్వాతే వచ్చింది." చెంగమ్మ అంతవరకే చెప్పి లేచింది. ఆ మొదటి పిల్ల బతకలేదన్న సంగతి పుష్పవల్లికి తెలుసు. ఆ ఇంట్లో ఆ పిల్ల పేరు ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు.

తర్వాత అంతా పద్ధతి ప్రకారం జరిగిపోయింది. గదిలో వేపాకు పరిచి పాపను పడుకోబెట్టారు. పొయ్యి మీద తిరగమాత వేయడం మానేశారు. బయటివాళ్ళను గడప తొక్కనివ్వలేదు. కన్నియమ్మకు మూట వేయలేదు. మందు మాట ఎత్తకూడదు, నూనె రాయకూడదు, తల్లి ఎప్పుడు దిగిపోవాలనుకుంటే అప్పుడు దిగిపోతుంది. గుమ్మానికి వేపమండ కట్టడానికి మాత్రం పుష్పవల్లి ఒప్పుకోలేదు. కడితే ముంగిలంతా తెలిసిపోతుంది. ఎవరో ఒకరు కార్పొరేషన్‌కు చెప్తారు. బండి వస్తుంది, పాపను అంటురోగాల ఆస్పత్రికి తీసుకుపోతారు. అక్కడికి పోయిన చంటిబిడ్డ తిరిగి రావడం ఆమె ఎన్నడూ వినలేదు. వచ్చినవాళ్ళు ఉండే ఉంటారు, కానీ భయానికి ఆ లెక్కలు అక్కర్లేదు.

సాయంత్రం ఏకాంబరం ఇంటికొచ్చి పాపను చూశాడు. ముంగిట్లోకి పోయి నిలబడ్డాడు. అక్కడ ఆరోగ్యమేరి పిల్లలు కొళాయి చుట్టూ తిరిగి ఆడుతున్నారు. లోపలికొచ్చి మెల్లిగా అన్నాడు.

"దాచిపెట్టేది సరిగాదు పుష్పా. అందరికీ పిల్లలుండారు ఈడ. ఇంకో మూడు రోజులు చూస్తా. తగ్గకపోతే ఆఫీసు నుంచి వచ్చి నేనే పోయి చెప్తా."

"తీసుకపోతారు."

"నువ్వూ దాని కూడా పో. నిన్ను రానీకుండా చేస్తారా?"

"చేస్తే?"

అతను చెడ్డవాడు కాదు, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే కాళ్ళు పట్టుకునో, శాపనార్థాలు పెట్టో ఆపొచ్చు. న్యాయం మాట్లాడే మనిషిని ఎలా ఆపుతారు? పుష్పవల్లి పాప నుదురు ముట్టుకుని చూసింది. చల్లగానే ఉంది. మళ్ళీ చూసింది. ఆ చల్లదనమే ఆమెను ఇంకా భయపెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం పాప వేపాకు మీద గుడ్డ లేకుండా నిద్రపోతోంది. చెంగమ్మ అవతల గదిలో జపం చేసుకుంటోంది. పుష్పవల్లికి చేతులు ఊరికే ఉంచుకోవడం చేతకాలేదు. ఉతికిన పొత్తిగుడ్డల కుప్ప ముందేసుకుని మడవసాగింది. ముక్కోణం, పొడుగు అంచు, గుర్తున్న కొస ఎడమకు. ఒకటి మడిచి, లేస్తే సిద్ధంగా ఉంటుందని పాప నడుం పక్కన పెట్టింది. ఎడమ కొస సరిగ్గా ఆ పొక్కుల పక్కన పడింది.

గుర్తు, పొక్కులు, పక్కపక్కన.

ఆమె వంగి చూసింది. చుట్టూ ఎరుపు అలుక్కుపోయి ఉంది గానీ, మధ్యలో ముందు లేచిన పొక్కులు వేరుగా తెలుస్తున్నాయి. రెండు గుండ్రటివి, వాటి కింద పొడుగ్గా ఒకటి. రెండు చుక్కలు, ఒక గీత. మరి గడ్డం కింద? మూతి తుడిచింది ఏ కొసతో? ఆమె తన వేళ్ళ సందులు చూసుకుంది. అక్కడ తోలు ఎర్రగా పగిలి ఉంది.

లేచి అవతల గదిలోకి పోయి చెంగమ్మకు చెప్పింది. మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. చెంగమ్మ జపం ఆపి చెవులు మూసుకుంది.

"తల్లి వచ్చిందంటే చాకలిగుర్తు అంటావా? లెంపలేసుకో ముందు. ఏకాంబరం చొక్కాకీ అదే గుర్తు ఉండాది. వాడికేమైనా పోసిందా? నా చీరకీ ఉండాది."

"అవి పాతవి అత్తా, ఎండిపోయినవి. ఇవి కొత్తగా పెట్టినవి. పాప తడుపుకుంటా ఉంటాది, తడి గుర్తు ఒంటికి అంటుకోనే ఉండాది రోజంతా."

"నాకు చెప్పమాక. ఆమెకు చెప్పు," అని చెంగమ్మ గోడన ఉన్న అమ్మవారి పటాన్ని చూపించి మళ్ళీ జపంలో పడింది.

చెంగమ్మ మాటా కొట్టిపారేయడానికి లేదు. అమ్మవారు రెండు చుక్కలు, ఒక గీతగా పోయకూడదని ఎక్కడైనా రాసి ఉందా? కళ్ళకు కావాల్సింది కనబడుతుంది. తన బిడ్డను దక్కించుకోవాలని తను చుక్కలు కలిపి చూస్తోందేమో. పొరపాటైతే తల్లి కోపం ఎవరి మీద పడుతుంది? తన మీద కాదు. పుష్పవల్లి గది మూలకు పోయి కూర్చుంది. అప్పుడు ఒక గుడ్డ తీసుకుంది. గుర్తున్న కొసను చెంబులో ముంచి, ఎడమ చేతి లోపలివైపు, మోచేతికి కొంచెం కింద, తోలు పల్చగా ఉండే చోట ఒత్తిపెట్టి కట్టుకుంది. పైన కొంగు కప్పుకుంది. ఆరినప్పుడల్లా తడిపింది.

పాపకు మాత్రం తన పాత నూలు చీర చించి, గుర్తు లేని గుడ్డలు కట్టింది.

మామూలుగా మనిషి ఒంటి మీద పొక్కు లేస్తుందేమోనని భయపడతారు. పుష్పవల్లి లేవదేమోనని భయపడింది. పొద్దున లేస్తూనే కట్టు విప్పి చూసుకుంది. చేయి మామూలుగానే ఉంది. మళ్ళీ తడిపి కట్టింది. మధ్యాహ్నం చూసింది, ఏమీ లేదు. పొయ్యి దగ్గర కూర్చుని, ఎవరూ చూడకుండా, ఆ కొసతో చేతిని రుద్దింది. పాప ఒంటి మీద కొత్త పొక్కులు లేవలేదు. అది మంచికో చెడుకో ఆమెకు తెలియలేదు. వెనక వీధిలో ఏదో బండి ఆగిన చప్పుడైతే పాపను ఎత్తుకుని తలుపు వెనక నిలబడింది. అది మంచినీళ్ళ బండి. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు, పాలెక్కడ ఆగిపోతాయోనని బలవంతాన గంజి తాగింది.

గడువు పెట్టిన మూడో రోజు వచ్చింది. ఏకాంబరం ఆఫీసుకు పోతూ గడప దగ్గర ఆగాడు. "సాయంత్రం వచ్చినాక," అన్నాడు. మిగతాది చెప్పకుండా చెప్పులేసుకుని పోయాడు. కట్టు విప్పి చూసుకోవడానికి పుష్పవల్లికి ధైర్యం చాలలేదు. లేదని తెలిస్తే ఈ పగలంతా ఎట్లా గడుస్తుంది? చూడకుండానే పనులు చేసుకుంది. పొద్దెక్కేకొద్దీ కొంగు కింద చేయి చురచురలాడసాగింది. అది దురదా, తన ఆశా? చురచుర పోయి మంట అయింది. పాపకు పాలిచ్చి పడుకోబెట్టి, వెలుతురు కోసం కిటికీ దగ్గరికి పోయి ముడి విప్పింది.

చేయి ఎర్రగా వాచి ఉంది. వాపు మధ్యలో మూడు నీటి పొక్కులు మెరుస్తున్నాయి. రెండు చుక్కలు, కింద ఒక గీత. పుష్పవల్లి కిటికీ ఊచ పట్టుకుని ఏడ్చింది. తన ఒంటి మీది పొక్కును చూసి అంత సంతోషపడిన మనిషి ఆ ఊళ్ళో ఇంకొకరు ఉండి ఉండరు.

ఏడుపు విని చెంగమ్మ వచ్చింది. చేయి చూసి, "నీకూనా?" అంటూ రెండు చేతులూ జోడించబోయింది. పుష్పవల్లి ఆ గుడ్డ కొస తీసి పొక్కుల పక్కన ఆనించి పట్టుకుంది.

"నేనే కట్టుకున్నా అత్తా. మొన్న మధ్యాహ్నం."

జోడించబోయిన చేతులు అక్కడే ఆగిపోయాయి. చెంగమ్మ కొసను వేళ్ళతో పట్టుకుని చూసింది. కోడలి చేతిని చూసింది. నిద్రపోతున్న పాప దగ్గరికి పోయి తుంటిని చూసింది. మళ్ళీ వచ్చి చేతిని చూసింది. తర్వాత వంటింట్లోంచి కత్తిపీట తెచ్చి నేల మీద వేసుకుని, మోకాలితో తొక్కిపట్టి కూర్చుంది. పొత్తిగుడ్డల కుప్ప ముందుకు లాక్కుని, ఒక్కొక్క గుడ్డ గుర్తున్న కొసను కత్తి అంచుకు ఆనించి కోయసాగింది. నల్ల ముక్కలు ఆమె ఒళ్ళో రాలాయి.

ముంగిట్లో చెప్పుల చప్పుడైంది. ఏకాంబరం ఆ రోజు పొద్దు వాలకముందే వచ్చేశాడు. పుష్పవల్లి పొక్కులు లేచిన తన చేయి పట్టుకుని అతనికి ఎదురుపోబోయింది. అతనికి చెప్పాల్సిన మాటలు పెదాల మీదనే ఉన్నాయి.

"పుష్పా," అంది చెంగమ్మ.

ఆమె ఆగింది.

చెంగమ్మ తలెత్తలేదు. చేతిలో సగం కోసిన కొస ఉంది. "ఆ కాలంలో కన్నియమ్మ అత్త పసిగుడ్డలకి గుర్తు పెట్టేది," అంది. "నా పిల్ల గుడ్డలకీ పెట్టింది. తుంటి మీదనే మొదలైంది. మందు వద్దన్నాను. మీ మామ డాక్టరును పిలుస్తానంటే గడపకి అడ్డం పడుకున్నాను. తల్లి కోపగిస్తాదని పుండు మీద నీళ్ళు కూడా పోయనీలేదు." సగంలో ఉన్న కొసను తెంపేసింది. "దానికి వచ్చింది తల్లేనా పుష్పా? నువ్వు చెప్పు."

పుష్పవల్లి గడప దగ్గర నిలబడిపోయింది. చెంగమ్మ జవాబు కోసం ఎదురుచూసి, చూసి, మిగిలిన గుడ్డల కొసలు కోయడం మొదలుపెట్టింది.